నాగపూర్ సందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

విజయవాడ సత్యనారాయణపురంలో కాపురముంటున్న ఒక ప్రభుత్వరంగ బ్యాంకు అధికారి, మే నెల మిట్టమధ్యాహ్నం, ఈ కింది సందేశాన్ని వాట్సాప్‌లో తన ధర్మపత్నికి పంపాడు. తాను కవినన్న సంగతి ఆయనకు తెలియదు. శైలి అంత తేటగా ఉండటానికి అదే కారణం. టీక అవసరం పడటానికీ అదే కారణం.

ఉద్యోగరీత్యా ఊరు మారినవాడి గోడు మన సాహిత్యానికి కొత్త కాదు. కాళిదాసు యక్షుడు కొలువులో ఏమరుపాటు చూపినందుకు అలకాపురి నుంచి రామగిరికి ఏడాది పాటు వెళ్లాల్సి వచ్చింది. ఆ రామగిరి నాగపూర్ దగ్గరి రామ్‌టెక్కేనని చాలామంది పండితుల మాట. మేఘసందేశానికి ‘సంజీవని’ వ్యాఖ్య రాసిన మల్లినాథసూరి మన మెదకు సీమ కొలిచెలమవాడు. కాబట్టి నాగపూర్ పరిసరాల పోస్టింగుల మీద వ్యాఖ్యానం రాసే హక్కు తెలుగువాళ్లకు ఏనాడో దఖలు పడిందని మనవి.

భేదం ఒక్కటుంది. యక్షుడు భార్యను వెంటబెట్టుకుని వెళ్లలేదు. అందుకే కొండమీద కూర్చుని మబ్బును బతిమాలుకునే తీరిక దొరికింది. సకుటుంబంగా తరలి ఉంటే, ఆషాఢమేఘాన్ని చూడగానే ఆయన అడిగే ప్రశ్న వేరు: “లారీ మీద టార్పాలిన్ కప్పారా?”

మూలం

“నాగపూర్ వేశారు. ఒకటో తారీఖుకల్లా జాయినవ్వాలి. ముందు నేను వెళ్లి ఇల్లు చూస్తాను. నువ్వు మెల్లగా సర్దుకుని పిల్లలతో వచ్చేయ్. టెన్షన్ పడకు.”

ప్రతిపదార్థం

నాగపూర్ = విదర్భలోని పెద్ద పట్టణానికి. షష్ఠీ విభక్తి లోపించింది. తొందరలో ఉన్నవాడికి విభక్తి గుర్తుండదు.

వేశారు = బదిలీ చేశారు. ఎవరు? కర్త లేడు. బ్యాంకువాళ్ల భాషలో ఈ క్రియకు కర్త ఏనాడూ కనబడడు, అయినా గౌరవానికి లోటు రాకుండా బహువచనంలోనే ఉంటాడు.

ఒకటో తారీఖుకల్లా = జూన్ 1వ తేదీ లోపల. ఆంధ్రలో బడులు జూన్ 12న తెరుస్తారు. విదర్భలో ఎండలు ముదురు కనుక మిగతా మహారాష్ట్ర కన్నా కూడా ఆలస్యంగా, నెలాఖరుకు గాని తెరవరు. పిల్లల చదువు చెడదని కవి ధీమా. ఈ లెక్క కవి వేసింది కాదు, ధర్మపత్ని సాయంత్రానికల్లా వేసి చెప్పింది.

ముందు నేను వెళ్లి = స్పష్టం.

ఇల్లు చూస్తాను = ఇక్కడ కొంత ఆగాలి. ‘చూచుట’ అనే ధాతువుకు పురుషులు చెప్పుకునే అర్థం వేరు, ఇళ్ల విషయంలో నిలబడే అర్థం వేరు. కవి చూసేవి: ఆఫీసుకు ఎంత దూరం, బండి పెట్టుకునే చోటు, అద్దె. మనకు అలవాటైన పదకొండు నెలల కాగితం కథ అక్కడ సాగదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది దాటిన లీజును రిజిస్టరు చేయించమంది కనుక మనవాళ్లు పదకొండు దగ్గర ఆగిపోయారు. మహారాష్ట్ర 1999లో తెచ్చిన అద్దె చట్టం ప్రకారం ఎన్ని నెలలదైనా ఒప్పందం కాగితం మీద ఉండాలి, రిజిస్టరూ కావాలి. కవి ఇదంతా చక్కగా కనుక్కున్నాడు. మెచ్చుకోవలసిందే.

కవి చూడనివి: వంటగట్టు ఎత్తు, వాషింగ్ మెషీను పక్కన కుళాయి ఉందో లేదో, వడియాలు ఎండబెట్టుకునే చోటు, కూలరుకు సరిపడే కిటికీ. ఈ చివరిది చిన్న సంగతి కాదు. బెజవాడలో కూలరు పెడితే గది చెమ్మగిల్లడమే తప్ప చల్లబడదు, గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటుంది. నాగపూర్ వేసవి గాలి పొడి. తడిసిన గడ్డిలోంచి ఆ గాలి దూరి వచ్చేసరికి నీరు ఆవిరై, వేడిని పట్టుకుపోతుంది. అందుకే అక్కడ ఎండాకాలమంతా కిటికీలకు ఆ పెద్ద పెద్ద రేకు పెట్టెలు వేలాడుతుంటాయి. కిటికీ లేని ఇల్లు కవి చూశాడంటే, చూసింది ఇల్లు కాదు, ఆవం.

నువ్వు = సంబోధితురాలా.

మెల్లగా = పదిహేను రోజుల్లో.

సర్దుకుని = ఇది క్త్వార్థకం. క్త్వార్థానికీ సమాపక క్రియకూ కర్త ఒక్కరే కావాలని వ్యాకరణం. ‘వచ్చేయ్’కి కర్త ‘నువ్వు’. కాబట్టి సర్దడానికి కూడా కర్త ‘నువ్వే’. కవి సాయం చేద్దామని ఎంత ఉబలాటపడినా వ్యాకరణం అడ్డు వస్తోంది, ఏం చేస్తాం. ఈ ఒక్క పదంలో ఎన్ని పనులు గర్భితమై ఉన్నాయో వ్యాఖ్యాత కళ్లారా చూశాడు గనుక కొంచెం విస్తరిస్తాడు.

మొదట గ్యాసు. అదే ఊళ్లో వీధి మారితే కాగితం మారుతుంది, సిలిండరు మనతోనే వస్తుంది. ఊరే మారితే సిలిండర్లూ రెగ్యులేటరూ డీలరుకు అప్పజెప్పి టెర్మినేషన్ వోచరు పుచ్చుకోవాలి. పెళ్లయిన కొత్తలో కట్టిన డిపాజిట్ ఆనాటి రేటుకే తిరిగొస్తుంది. నాగపూర్‌లో వోచరు చూపించి కట్టేది మాత్రం ఈనాటి రేటు. లారీవాళ్లు ఎలాగూ సిలిండరు ఎక్కించుకోరు. ఇక అసలు చిక్కు, ఎప్పుడు అప్పజెప్పాలన్నది. ముందే ఇచ్చేస్తే పొయ్యి ఆరిపోతుంది, ఆఖరి రోజుకు అట్టేపెడితే డీలరుకు సెలవు వస్తుంది. తర్కశాస్త్రం తేల్చని ఈ సమస్యను ధర్మపత్ని తేల్చింది: లారీకి రెండు రోజుల ముందు గ్యాసు, ఆ రెండు రోజులూ పాలు ఎదురింటి పిన్నిగారి పొయ్యి మీద, అన్నం కరెంటు కుక్కర్లో, కూర కర్రీ పాయింటు నుంచి.

తరువాత లారీ. పూర్తి లారీ మాట్లాడుకుంటే ఖర్చు. పార్ట్ లోడ్ అయితే చవకే గాని, మిగతా సగానికి సరుకు దొరికేదాకా మన మంచాలు గోడౌన్లో విశ్రాంతి తీసుకుంటాయి. కవి ఫోన్లో చవకవైపు మొగ్గాడు. పిల్లలు కటిక నేల మీద ఎన్ని రాత్రులు పడుకోవాలో అడిగేసరికి పూర్తి లారీకి ఒప్పుకున్నాడు. ప్యాకింగ్ కుర్రాళ్లు పొద్దున్నే దిగారు. అట్టపెట్టె మూతేసి, టేపు చుట్టి, స్కెచ్ పెన్నుతో ‘కిచెన్ 4’ అని రాసి పక్కకు నెట్టేస్తారు. దానిలో ఏముందో దేవుడికి తెలియాలి. ధర్మపత్ని పెద్దాడి పాత లెక్కల నోటుపుస్తకం తీసి, వెనక ఖాళీ పేజీల్లో తన లిస్టు తాను రాసుకుంది. వ్యాఖ్యాత చూసిన పంక్తి ఇది: “4: మిక్సీ జార్లు, పోపుల డబ్బా, దేవుడి కుంది ఒకటి (రెండోది 11లో).” బీమా కాగితంలో ప్రతి వస్తువుకూ విలువ రాయమన్నారు. పుట్టింటివాళ్లు పెట్టిన వెట్ గ్రైండరు దగ్గర ఆమె కలం కాసేపు ఆగింది. రాసిన అంకె మాత్రం వ్యాఖ్యాతకు చూపించలేదు.

స్కూటరు. పెట్రోలు తీసేసి గాని లారీ ఎక్కించరు. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు మించి ఉంచితే అక్కడి నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం. దానికి ముందు ఇక్కడి ఆర్టీవో ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం. ఇలా ఊళ్లు తిరిగే ఉద్యోగుల కోసమే 2021లో ‘బీహెచ్’ నంబర్లు తెచ్చారు గాని, మన స్కూటరుది ఇంకా పాత నంబరే.

ఆధార్లో చిరునామా, ఓటుకు ఫారం 8, పాలవాడి బాకీ, పేపరువాడి బాకీ: సుగమం.

ఆవకాయ. కొత్తది. కలిపి మూడో రోజు తిరగగలిపాక మూడు జాడీలైంది. నూనె ఉన్న సరుకు ఎక్కించుకోమని ప్యాకింగు పెద్ద చేతులెత్తేశాడు. కొత్త ముక్కలు, కొత్త కారం, ఇంకా ఊట పూర్తిగా దిగని పచ్చడి. ఏం చేస్తారు? ఒక జాడీ పిన్నిగారికి, ఒకటి తెనాలి పుట్టింటికి. మూడోదానికి మూత పెట్టి, పాత పంచె చింపి రెండు మడతల వాసెన కట్టి, పురికొస బిగించి, జీటీ ఎక్స్‌ప్రెస్‌లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లడానికి నిశ్చయమైంది. చినిగిన పంచె వ్యాఖ్యాతది.

పిల్లలతో = సహార్థంలో తృతీయ. ఇందులో టీసీలు, స్టడీ సర్టిఫికెట్లు, చిన్నదాని బెంగ చేరి ఉన్నాయి. 2020లో చేసిన చట్టం వల్ల మహారాష్ట్రలో ఏ బోర్డు బడిలోనైనా మరాఠీ నేర్పి తీరాలి. ధర్మపత్నికి ఇదే పెద్ద దిగులు. వ్యాఖ్యాత ఈ ఒక్క విషయంలో ఆమెకు అక్కరకొచ్చాడు. లిపి హిందీదే, పిల్లలకు వచ్చు. హిందీవాళ్లు తడబడే ‘ళ’ మనకు పుట్టుకతో వచ్చింది. చాప, జల్లెడ అనేటప్పుడు మనం పలికే దంత్య ‘చ’, ‘జ’లు మరాఠీలోనూ ఉన్నాయి. ఉగాది నాడే వాళ్ల గుడీపాడ్వా. “మామయ్యగారూ, ఇది దానికి చెప్పండి, నాకు కాదు” అంది ధర్మపత్ని. చెప్పాను. “అయితే సౌమ్య అక్కడ ఉంటుందా?” అని అడిగింది చిన్నది. సౌమ్య దాని బెంచీమేటు. వ్యాకరణంలో దీనికి సమాధానం లేదు.

శంక: మూలంలో ‘పిల్లలతో’ అని మాత్రమే ఉంది. ఇంట్లో డెబ్భై దాటిన విశ్రాంత తెలుగు పండితుడొకడు, కవికి జనకుడు, ఉన్నాడు కదా? అతని మాటేమిటి? ఇక్కడ వ్యాఖ్యాత నిష్పాక్షికుడు కాడని పాఠకులు గ్రహించాలి. సమాధానం: ‘పిల్లలు’ అన్నది ఉపలక్షణం. తమంతట తాము బస్సెక్కి నాగపూర్ చేరలేనివాళ్లందరికీ వర్తిస్తుంది. పింఛను ఏ ఊళ్లో ఉన్నా ఖాతాలో పడుతుంది, బీపీ మాత్రలు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి. సాయంత్రం గుడి అరుగు మీద నా ఛందస్సు తప్పులు పట్టే ఇద్దరు మిత్రులు మాత్రం దొరకరు. ధర్మపత్ని నోటుపుస్తకంలో మాత్రం మొదటి పేజీ మొదటి పంక్తి ఇలా ఉంది: “మామయ్యగారి మాత్రలు, కళ్లజోడు రెండోది, నిఘంటువు (చేతి సంచిలో).” మూలకారుడు మరిచినదాన్ని అధ్యాహారం చేసుకోవడమంటే ఇదీ.

వచ్చేయ్ = రమ్ము. ‘రా’ అంటే వచ్చి చూసి పోవచ్చు. ‘వచ్చేయ్’లో తిరుగు టికెట్టు లేదు.

టెన్షన్ పడకు = ఇది ఫలశ్రుతి. దీన్ని పంపిన పావుగంటకు కవి ఫోన్ చేసి “ఏమంటావ్? కుదురుతుందంటావా? వద్దని లెటర్ పెట్టనా?” అని అడిగాడు. ఫలశ్రుతి విన్నవాళ్లకే గాని చెప్పినవాళ్లకు ఫలించదని దీనివల్ల తెలుస్తోంది.

పాఠాంతరం

కవి స్నేహితుల గ్రూపులో ఇదే సందేశం మరో రూపంలో ప్రచారంలో ఉంది: “వచ్చే నెల ఫ్యామిలీని నాగపూర్ షిఫ్ట్ చేసేస్తున్నాను.” ఇందులో కర్త ‘నేను’. ధర్మపత్ని, పిల్లలు, వ్యాఖ్యాత, మూడో జాడీ అంతా కలిసి కర్మకారకంలో పడ్డారు. ప్రాచీన ప్రతిలో లేని ఈ పాఠాన్ని ప్రక్షిప్తంగా భావించి పరిహరిస్తున్నాం.

మరొక శంక

బదిలీ అయింది కవికి. కష్టమూ కవిదే కదా? ఇల్లాలికి ఇంత వ్యాఖ్యానం ఎందుకు? సమాధానం: 2011 జనాభా లెక్కల్లో, ఈ దేశంలో ఒకచోటి నుంచి మరోచోటికి తరలివచ్చినవాళ్లు దాదాపు 45 కోట్లమందిగా తేలారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది ఆడవాళ్లే, వాళ్లు చెప్పిన కారణాల్లో అన్నిటికన్నా పెద్దది పెళ్లి. మన ధర్మపత్ని తెనాలి నుంచి బెజవాడ వచ్చింది. కాబట్టి కవికి ఇది మొదటి బదిలీ, ఆమెకు రెండోది. మొదటిసారి ఆర్డరు లేదు, జాయినింగు టైము లేదు, టీఏ బిల్లు లేదు. శుభలేఖ ఉంది. అప్పుడూ ఎవరో “టెన్షన్ పడకు” అనే ఉంటారు.

అలంకారం

సర్దుకోవడంలో శ్లేష ఉందని సామాన్యులు కూడా కనిపెట్టగలరు కనుక వ్యాఖ్యాత దాని జోలికి పోవడం లేదు.

తాత్పర్యం

నేను రైలెక్కుతున్నాను. మిగతాది నువ్వు చూసుకో.

ద్వితీయ సందేశం

కవి నాగపూర్ చేరి నాలుగు రోజులకు రెండో సందేశం వెలువడింది. మూలం: “ఇల్లు దొరికింది. మూడో ఫ్లోరు. కిటికీలు పెద్దవి. లిఫ్ట్ ఉందంటున్నారు.”

‘కిటికీలు పెద్దవి’ అనడంలో ధర్మపత్ని ఉపదేశం కవికి తలకెక్కినట్టు స్పష్టం. జతగా పంపిన మూడు ఫొటోల్లో రెండు సీలింగు ఫ్యానువి. మూడోదాంట్లో వంటగట్టు సగం తలుపుచాటున ఉంది.

అంటున్నారు = పరులు చెప్పుచున్నారు. ఇది శబ్దప్రమాణం. ప్రత్యక్షం కాదు, అనుమానం కూడా కాదు. ఉన్న లిఫ్టును ఎవరైనా ‘ఉంది’ అంటారు గాని ‘ఉందంటున్నారు’ అని ఎందుకంటారు? కవి నాలుగు రోజుల్లో ఒక్కసారైనా మీట నొక్కి చూడలేదా? నొక్కితే రాలేదా? ధర్మపత్ని ఈ పదాన్ని రెండుసార్లు చదివి, నోటుపుస్తకం తెరిచి, ఫ్రిజ్, బీరువా, వ్యాఖ్యాత అని ఉన్న మూడు చోట్లా పెన్సిలుతో చిన్న సున్న చుట్టింది. హమాలీల వ్యాఖ్యానం వెలువడేదాకా ఈ పదానికి అర్థం నిర్ణయించడం కుదరదు.