అమ్మమ్మ చేయని అమ్మమ్మ సబ్బు

మన అమ్మమ్మలెవరూ సబ్బు చేయలేదు. ఈ ఒక్క ముక్క ముందే ఒప్పేసుకుంటే చేతితో చేసిన సబ్బుల బజారు సగం ఖాళీ అవుతుంది. వాళ్ళు పెసలు విసిరారు. గంధకచ్చూరాలు, బావంచాలు, ఎండు గులాబీ రేకులు దంచి సున్నిపిండి పట్టారు. కుంకుడుకాయలు కొట్టి వేణ్నీళ్ళలో నానేసి భోగినాడు తెల్లారగట్ల మన కళ్ళు మండించారు. సబ్బే కావలసివస్తే పిల్లాడి చేతిలో చిల్లర పెట్టి కిరాణా కొట్టుకి పంపారు. ఒంటికి లైఫ్‌బాయ్, బట్టలకు 501 బారు. మైసూర్ శాండల్ కొనగలిగిన ఇంట్లో అది బీరువాలో పట్టుచీరల మధ్య ఉండి, చుట్టాలొచ్చిన రోజున మాత్రం స్నానాలగదికి దయచేసేది.

ఇప్పుడా అమ్మమ్మ ఫోన్ తెరమీద సబ్బుపెట్టె పక్కన కూర్చుని నవ్వుతోంది. కింద రాత: “మా అమ్మమ్మ చెప్పిన రహస్య ఫార్ములా. నో కెమికల్స్. వంద గ్రాములు 349 రూపాయలే.” ఆవిడ బతికుండి ఆ ధర వింటే, ముందు మనవరాలికి ఒంట్లో బాగుందా లేదా అని నుదుటిమీద చెయ్యివేసి చూసేది.

ఇంతకీ ఆ రహస్యం కొరియర్లో వస్తుంది. తెల్లగానో అద్దంలానో ఉండే దిమ్మ, పేరు సోప్ బేస్, ధర కిలో రెండొందల చుట్టుపక్కల. కూరగాయల కత్తితో ముక్కలు కోసి, మైక్రోవేవ్‌లో కరిగించి, ఓ చుక్క రంగు, నాలుగు చుక్కల సెంటు వేసి సిలికాన్ అచ్చులో పోస్తే కాసేపటికి సబ్బు ఊడి చేతిలో పడుతుంది. జనపనార దారం కట్టి, గోధుమరంగు కాగితం చుట్టి, పక్కన తులసికొమ్మ పెట్టి ఫొటో తీస్తే ఇక అది హస్తకళ. చేతితో చేసిన మాట అబద్ధమనడానికి లేదు. కత్తి పట్టింది చెయ్యే మరి.

కరిగించి పోయడం తప్పని ఎవరూ అనరు. రంగుల్ని పొరలుపొరలుగా నిలపడం, అచ్చులో గాలి బుడగ లేకుండా పోయడం కూడా పనితనమే. “బేస్ కొని కరిగించి చేశాం” అని లేబుల్ మీద రాసుకుంటే పేచీ లేదు. ఫ్యాక్టరీలో పుట్టిన దిమ్మకి బర్త్ సర్టిఫికెట్లో తల్లిపేరు అమ్మమ్మ అని రాయించడం దగ్గరే వస్తోంది తంటా. పాపం ఆ దిమ్మైనా అబద్ధం దాచుకోలేదు. అందులోని గ్లిజరిన్ గాలిలో తేమని లాక్కుంటుంది కనక వానాకాలం కాకినాడలోనో విశాఖలోనో కాగితం విప్పితే చాలు, ఒళ్ళంతా చెమటలు పడుతుంది.

ఇక “నో కెమికల్స్” సంగతి. నూనెలో కాస్టిక్ సోడా పడందే సబ్బుబిళ్ళ పుట్టదు. ఆ రెండూ కలిసి తమ రూపాలు పోగొట్టుకుంటేనే సబ్బూ గ్లిజరినూ మిగులుతాయి. కిలో కొబ్బరినూనె మొత్తం సబ్బు కావాలంటే సుమారు 183 గ్రాముల కాస్టిక్ పడుతుంది. కిలో ఆముదానికి 128 చాలు. ఒంటికి కాస్త నూనె మిగలాలని తెలిసినవాళ్ళు అందులోంచి ఐదు శాతం కోసేసుకుని కొబ్బరినూనెకు 174 దగ్గర ఆగుతారు. లెక్క పైకి పోతే ఒళ్ళు మండుతుంది, మరీ కిందికి పోతే నూనె మిగిలిపోయి సబ్బు ముక్కవాసన కొడుతుంది. సరిగ్గా తూచి, ఓపికగా ఆరబెడితే చివరికి సబ్బులో కాస్టిక్ మిగలదు. చెప్పుకోవలసిన నిజం అదీ. కాకపోతే దానికి లైకులు రావు. అందుకని కాస్టిక్ పేరెత్తకుండా సబ్బు కథ చెబుతున్నారు, రావణుడు లేకుండా రామాయణం చెప్పినట్టు.

పసుపు సబ్బునే చూడండి. పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందో తెలియని తెలుగిల్లు లేదు. ఆ ఎర్రదనంతోనే పారాణి పెట్టుకున్నాం, ఆ ఎర్రనీళ్ళతోనే దిష్టి తీసుకున్నాం. కాస్టిక్ సున్నానికి పెద్దన్న. పచ్చి సబ్బులో పసుపు వేస్తే అదీ ఎర్రబారుతుంది, ఆరేకొద్దీ ఇటుకరంగుకో నారింజకో దిగుతుంది, వెలుతురులో ఉంచితే వెలిసిపోతుంది. మరి ఆన్‌లైన్లో కళ్ళు జిగేల్మనిపించే పచ్చటి పసుపు సబ్బులు కనిపిస్తాయే, ఆ పచ్చదనం కొమ్ముదా, రంగుసీసాదా? పారాణి పెట్టుకున్న జాతికి ఈ మాత్రం అనుమానం రావద్దూ?

మేకపాల సబ్బుది ఇంకో ముచ్చట. నిజంగా మేకపాలతో చేసేవాళ్ళు పాలను ముందు ఫ్రీజర్లో గడ్డకట్టించి, ఆ గడ్డలమీద కాస్టిక్ కొంచెం కొంచెంగా చల్లుతారు. తొందరపడితే ఆ వేడికి పాలలోని చక్కెర మాడి, అంతా నారింజరంగుకి తిరిగి కంపుకొడుతుంది. ఎంత జాగ్రత్తగా చేసినా ఆ సబ్బుకి ఓ మీగడ ఛాయ ఉంటుంది. తళతళ తెల్లగా మెరిసే మేకపాల సబ్బుకి ఆ తెలుపు ఎక్కడిదో, మేక వాటా ఎంతో మాత్రం అడక్కూడదు. రక్తచందనం సబ్బుదీ ఇదే వరస. శేషాచలం కొండల్లో ఎర్రచందనం దుంగలకోసం టాస్క్‌ఫోర్సు రాత్రింబవళ్ళు కాపలా కాస్తుంటే, అపార్టుమెంటు మూడో అంతస్తులో నెలకో వెయ్యి రక్తచందనం సబ్బులు తయారవుతున్నాయి. అటవీశాఖవారు ఒకసారి ఆ వంటగదులు కూడా సోదా చేస్తే బాగుండును. దుంగలు దొరకవు, ఎర్రరంగు డబ్బాలు దొరుకుతాయి.

సబ్బులు అమ్ముడుపోనివాళ్ళు ఏం చేస్తారని బెంగపడకండి, సబ్బులు చేయడం నేర్పుతారు. ఆదివారం వర్క్‌షాపు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. పొద్దున నూనె, కాస్టిక్ కలిపి పోసిన సబ్బు మర్నాటికి గానీ అచ్చులోంచి బయటికి రాదు, తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు ఆరితే గానీ ఒంటికి పనికిరాదు. ఒక్కరోజులో అయ్యేది బేస్ కరిగించడమే, అందుకని దాన్నే నేర్పుతారు. కాస్టిక్ నీళ్ళలో వేయాలి గానీ కాస్టిక్‌మీద నీళ్ళు పోయకూడదని, అల్యూమినియం గిన్నె పొరపాటున కూడా వాడకూడదని, కళ్ళద్దాలు, గ్లోవ్స్ లేకుండా డబ్బా మూతే తియ్యొద్దని చెప్పడానికి ఆ రోజంతా టైముండదు. బ్రాండుకి పేరెలా పెట్టాలన్న క్లాసుకే పూటంతా సరిపోతుంది. బయటికొచ్చిన ఇరవైమందిలో పదిమంది వచ్చే నెలకు తలో వర్క్‌షాపు పెడతారు. ఇలా పోతే త్వరలోనే రెండు తెలుగు రాష్ట్రాల్లో సబ్బు గురువులే మిగులుతారు, శిష్యులు దొరకరు.

ఆ వర్క్‌షాపుల్లో చట్టం సంగతెత్తితే గదిలో ఒక్కసారిగా నిశ్శబ్దం. సబ్బు కాస్మెటిక్. 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, దానికింద వచ్చిన 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం అమ్మకానికి చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ దగ్గర తయారీ లైసెన్సు తీసుకోవాలి. లేబుల్ మీద చిరునామా, తయారైన నెలా ఏడాదీ, లైసెన్సు నంబరు, ఏమేం కలిపారో అన్నీ ఉండాలి. “ఉద్యమ్ సర్టిఫికెట్ ఉందిగా” అంటారు మనవాళ్ళు. అది చిన్న పరిశ్రమగా పేరు నమోదు చేసుకున్న కాగితం, సబ్బు చేయడానికిచ్చిన అనుమతి కాదు. తయారీని పర్యవేక్షించే మనిషికి ఏ పీహెచ్‌డీలూ అక్కర్లేదు, ఇంటర్లో కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ప్యాసైనా చాలు. ఇంటికో ఎంపీసీ, వీధికో బైపీసీ ఉన్న మన రాష్ట్రాల్లో ఈ అర్హతకి కరువా? అయినా ఆ కెమిస్ట్రీ చదివిన అమ్మాయే “కెమికల్స్ లేని సబ్బు” అని పోస్టు పెడుతుంది. కార్పొరేట్ కాలేజీకి రెండేళ్ళు కట్టిన ఫీజు ఏ ఖాతాలో రాసుకోవాలో ఆ తల్లిదండ్రులే తేల్చుకోవాలి.

“సోరియాసిస్ తగ్గుతుంది, మొటిమలు మూడు రోజుల్లో మాయం” అన్నారో, అది సబ్బు దాటి మందు అవుతుంది. మందుకు దారి వేరు, లైసెన్సు వేరు.

సర్కారుకీ ఓ అక్షింత వేయాలి. పెద్ద ఫ్యాక్టరీకీ, నాలుగు అచ్చులూ ఓ తక్కెడా ఉన్న ఇంటికీ ఇంచుమించు ఒకటే గుమ్మం పెట్టింది. ప్రత్యేకమైన గది, సామగ్రి, ఫీజు, తనిఖీ. నిజాయితీగా లైసెన్సుకి వెళ్ళినావిడ చెప్పులరగదీసుకుంటుంది, వెళ్ళనిది రీల్స్ చేసుకుంటుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటిసబ్బులమీద జీఎస్టీ 18 శాతం నుంచి ఐదుకు తగ్గింది, సంతోషం. అదే ఏడాది కొబ్బరినూనె కిలో నాలుగొందలు దాటి పైకి ఎగబాకింది. తగ్గిన పన్ను ఏ మూలకి?

మొన్నామధ్య ఒక ఎగ్జిబిషన్లో పక్కపక్కన రెండు స్టాళ్ళు చూశాను. మొదటి దాంట్లో డ్వాక్రా సంఘం ఆవిడ. బిళ్ళలు మట్టిరంగులో ఉన్నాయి, తీగతో కోసిన అంచులు కాస్త వంకర. ఓ మేడమ్ వచ్చి ఆగింది.

“ఇందులో ఏమేం వేశావమ్మా?”

“కొబ్బరినూనె, ఆముదం, తవుడునూనె, కాస్టిక్ సోడా మేడమ్. నలభై రోజులు ఆరబెట్టాం.”

“అయ్యో! కాస్టిక్ సోడానా? డ్రైనేజీలో పోసేదీ?”

“అదేనండి. అది లేందే సబ్బవదు. ఆరేసరికి ఏమీ మిగలదండి.”

“ఎంత?”

“ఎనభై.”

“ఈ నల్లసబ్బుకి ఎనభయ్యా? నలభైకి ఇస్తావా?”

ఆవిడ తలూపలేదు. నూనె ఖర్చే పాతిక ముప్పై దాకా ఉంటుంది, ఆరేటప్పుడు తగ్గే బరువొకటి, నలభై రోజులు ఇరుక్కుపోయిన పెట్టుబడి ఇంకొకటి. మేడమ్ పక్క స్టాలుకి జరిగి, హిమాలయాల ఉప్పు చల్లిన గులాబీరంగు బిళ్ళలు మూడు, ఒక్కోటి 349కి, ఫోన్ చూపించి తీసుకుంది. బేరం లేదు, ప్రశ్న లేదు. ఆ స్టాలమ్మాయి “అంతా న్యాచురల్ ఆంటీ” అంది, ఆంటీకి అది చాలింది. ఇంటికెళ్ళాక ఆ ఉప్పుగళ్ళు ఒంటిని గీరితే అది కూడా స్క్రబ్ అనుకుంటుంది.

అబద్ధానికి మూడు వందల నలభై తొమ్మిది, నిజానికి నలభై. ధరలు కట్టింది ఆ అమ్మాయి కాదు, ఈ మేడమే. డ్వాక్రా ఆవిడ తన లేబుల్ మీది కాస్టిక్ అన్న మాటని మార్కరుతో కొట్టేయడానికి ఇంకెన్ని ఎగ్జిబిషన్లు పడతాయి? కొట్టేసిన రోజున మనమే మళ్ళీ “ఈ మధ్య అంతా మోసమండీ” అని వాపోతాం. “ఎల్లుండి సీమంతం, రిటర్న్ గిఫ్టుకి రెండొందల పీసులు కావాలి, పేరు కూడా చెక్కాలి” అని ఫోన్ చేసేదీ మనమే. ఆరువారాలు ఆరాల్సిన సబ్బు రెండు రోజుల్లో ఎక్కణ్ణుంచి వస్తుందని ఒక్కరూ అడగరు. సబ్బు చేసే మనిషి ఆ ఆర్డరు వదులుకుంటుంది, కరిగించే మనిషి అందుకుంటుంది.

కాబట్టి అయ్యలారా అమ్మలారా, ఈసారి చేతిసబ్బు కొనేటప్పుడు మేకల ఊసూ అమ్మమ్మల ఊసూ పక్కనపెట్టి ఒక్కటే అడగండి: కిలో నూనెకి కాస్టిక్ ఎంత వేశారు, ఎన్నాళ్ళు ఆరబెట్టారు? గ్రాముల్లో, వారాల్లో జవాబొస్తే బేరమాడకుండా చెప్పిన ధర ఇవ్వండి. “ఛ ఛ, మాది కాస్టిక్ లేని సబ్బండీ” అన్నారా, ఆ బేస్ ఎక్కడ కొన్నారో కనుక్కోండి. కిలో రెండొందలు పెట్టి మీరే తెచ్చుకుని మీ మైక్రోవేవ్‌లోనే కరిగించుకోవచ్చు.