వెన్న తీసిన మజ్జిగ

చీనీకాయల కోతల రోజుల్లో మా నాయన కడుపు పట్టుకుని తోటలోనే కూలబడినాడు. నొప్పి వీపుదాకా పొడుస్తోంది, ఆగని వాంతులు. లింగాల నుంచి పులివెందుల, అక్కణ్నుంచి కడప. పిత్తాశయంలో రాయి జారి గొట్టానికి అడ్డంపడిందనీ, క్లోమం వాచిందనీ చెప్పినారు. ప్యాంక్రియాటైటిస్.

ఈ జబ్బుకు నోరు కట్టెయ్యాలని నా గట్టి నమ్మకం. పదేళ్ల కింద మా వీధిలో ఒకాయనకు ఇదే వస్తే ఆరు రోజులు సెలైన్ మీదే ఉంచినారు, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనీయలేదు. తిండి పడితే క్లోమంలో రసాలూరి దాన్నే తినేస్తాయని అప్పట్లో విన్నమాట.

రెండో రోజుకు నొప్పి దిగింది, వాంతులు ఆగినాయి. "ఆకలిరా" అన్నాడు నాయన. నేను మందులకు పోయొచ్చేసరికి అవ్వ ఎదురొచ్చింది.

"డాక్టరయ్య వచ్చిపోయె. మెత్తగా చేసి పెట్టమన్యాడు నాయనా."

"నీకు చెవుడవ్వా. పెట్టొద్దనుంటాడు."

సాయంత్రం బంధువులింట్లో చేసుకొచ్చిన క్యారియర్ తెరిచింది. గుజ్జుగా పిసికిన అన్నం, పైన పల్చటి మజ్జిగ. వెన్న పలుకు లేదు. వెన్న తీసిన మజ్జిగ మనుషులకు పోస్తారా అని మా అమ్మతో కొట్లాడే మనిషి! అప్పుడైనా నాకు అనుమానం రావాల్సింది. లాక్కుని పారబోసినా. నాయన నాలికతో పెదాలు తడుపుకుని గోడవైపు తిరిగినాడు. మర్నాడూ తెచ్చింది. మర్నాడూ పారబోసినా.

నాలుగో రోజు డాక్టరు రాగానే, "ఒక్క మెతుకు పెట్టలేదు సార్" అని నేనే ముందు చెప్పినా.

ఆయన మొహం మారింది. "ఎందుకు పెట్టలేదు? పేగును ఎండగడితే దాని గోడ బలం తగ్గి, లోపలి సూక్ష్మక్రిములు రక్తంలోకి పోతాయి. తట్టుకోగలిగితే 24 గంటల్లోపే నోటితో పెట్టమని అమెరికా గ్యాస్ట్రో వైద్యుల సంఘం 2018లోనే చెప్పింది. నెయ్యి, నూనె, వెన్న తగలకుండా పెట్టమని మీ అవ్వకు విడమరిచి చెప్పినానే! రాసి కూడా పెట్టినా."

మంచం కాళ్లదిక్కు తగిలించిన అట్ట తీసి నా చేతికిచ్చినాడు. రెండోరోజు తేదీ కింద, నీలిసిరాతో, ఇంగ్లీషులో ఒక్క వాక్యం. మూడు రోజులుగా దాని పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాసినా.

అవ్వది వేలిముద్ర. నాయన ఐదో తరగతితో ఆపేసినాడు. మా ఇంట్లో ఇంగ్లీషు చదివినోణ్ని నేనొక్కణ్నే.