గాలపు పన్నుకు టీకా తాత్పర్యం

మూలం: వినోదం కోసం చేపలు పట్టే సామగ్రిని తయారీదారు గానీ, ఉత్పత్తిదారు గానీ, దిగుమతిదారు గానీ అమ్మినచో, అమ్మిన ధరలో నూటికి పది వంతులు సర్కారుకు చెల్లింపవలెను.

అవతారిక: అమెరికా ఫెడరల్ పన్నుల చట్టంలోని 4161వ సెక్షన్‌ను సూత్రంగా కుదిస్తే తేలేది ఇంతే. సూత్రకర్త అక్కడి కాంగ్రెసు, భాష్యకారులు ట్రెజరీ శాఖవారు. మూలంలో లేనిది రాయనని ప్రతిన పట్టిన కొలిచెలమ మల్లినాథుడి బాటలో ఈ టీక కూడా చట్టం గీత దాటదు. దాటాల్సిన అవసరం కూడా లేదు. వింతలన్నీ గీత లోపలే ఉన్నాయి.

ప్రతిపదార్థం: ‘తయారీదారు’ అనగానే పొగగొట్టం, షిఫ్టు సైరను గుర్తొస్తే అది చదివేవారి పొరపాటు. గ్యారేజీ మూల ఒక బల్ల, బల్ల అంచుకు బిగించిన బుల్లి వైసు, అందులో చిక్కిన గాలపు ముల్లు. ఆ ముల్లుకు కోడి ఈక చుట్టి, దారంతో నాలుగు మెలికలు వేసి, ముడి మీద బొట్టు లక్క అద్దే రిటైర్డ్ పెద్దమనిషి ఈగలా కనబడే ఆ దొంగ ఎరను పొరుగూరి దుకాణానికి అమ్మితే చాలు, ఆయన కూడా తయారీదారే. సీసం కరిగించి అచ్చులో పోసి జిగ్గులనే ఎరలు చేసే కుర్రాడూ అంతే. ఏడాదికి ఇన్ని డాలర్లలోపు అమ్మేవారికి పన్ను లేదనే మాట చట్టంలో ఎక్కడా కనబడదు.

‘సామగ్రి’ అంటే గాలపు కర్ర, రీలు, ముల్లు, బెండు, సీసపు గుండు, చేపను ఒడ్డుకు తీసే చేతి వల, చివరికి జేబులున్న ఫిషింగ్ కోటు కూడా. దారానికి మాత్రం ఒక హద్దుంది. 130 పౌండ్ల బరువుకు మించి తట్టుకునే దారం పన్నులోకి రాదు.

ఈ సామగ్రిలోకే వచ్చే ‘ఎర’ దగ్గర భాష్యకారులు తమ పాండిత్యమంతా చూపారు. సహజమైన ఎరకు పన్ను లేదు. కాబట్టి మట్టిలోంచి తవ్వి తీసిన వానపాముకు సుంకం సున్నా. అదే వానపామును ప్లాస్టిక్‌తో పోస్తే నూటికి పది. మరి తినే వస్తువే వేషం మార్చుకుంటే? పంది తోలును కప్పలా, తోకకప్పలా కత్తిరించి రంగు వేసినా, రొట్టె ముక్కలను సాల్మన్ గుడ్లలా తయారుచేసినా అవి కృత్రిమమైన ఎరలేనని తీర్పు చెప్పారు. ఉన్నదాన్ని ఉన్నట్టు అమ్మేవాడిని వదిలేసి, చేపను మోసం చేసేవాడిని పట్టుకున్నారన్నమాట.

విశేషం: గాలపు కర్రకు మాత్రం 2005 నుంచి ఒక పైకప్పు ఉంది. పన్ను ఎంతైనా కర్రకు 10 డాలర్లు మించదు. 800 డాలర్ల కర్ర తయారుచేసే కంపెనీ కట్టేది ధరలో నూటికి ఒకటింపావు. రెండు డాలర్ల జిగ్గు చేసే కుర్రాడికి ఏ కప్పూ లేదు, పూర్తిగా నూటికి పదే. సామాన్లు పెట్టుకునే ట్యాకిల్ పెట్టెకు 2004 చట్టం పన్నును మూడు శాతానికి దించింది. అలాంటి పెట్టెనే వడ్రంగి పనిముట్ల కోసమని అమ్మితే అదీ లేదు.

శంక: ముల్లు కొన్నప్పుడే దాని పన్ను ధరలో కలిసిపోయింది కదా, ఆ ముల్లుతో చేసిన జిగ్గుకు మళ్లీ పన్నా?

సమాధానం: అవును, మళ్లీనే. కాకపోతే ముల్లు మీద పడ్డ పన్నును తిరిగి రాబట్టుకునే దారి ఉంది. లేదా 637 నంబరు ఫారంతో ముందే నమోదు చేసుకుంటే ముడిసరుకును పన్ను లేకుండా కొనవచ్చు. దుకాణంలో పాతిక ముళ్ల ప్యాకెట్టు కొనేవాడికి అందులో పన్నెంతో చెప్పే బిల్లు చేతికి రావడం వేరే కథ.

తాత్పర్యం: ఈ డబ్బు ఖజానాలో కలిసి మాయమవదు. మిషిగన్ ప్రతినిధి డింజెల్, కొలరాడో సెనేటర్ జాన్సన్ 1950లో తెచ్చిన చట్టం దీన్ని చేపలకే కేటాయించింది. 1984లో వాలప్, బ్రో అనే ఇద్దరి పేరిట వచ్చిన సవరణ పన్నును దాదాపు అన్ని రకాల సామగ్రికీ విస్తరించి, మోటారు పడవల ఇంధనం మీది పన్నులోనూ వాటా కలిపింది. రాష్ట్రాల పంపకంలో 60 శాతం లైసెన్సు ఉన్న గాలగాళ్ల సంఖ్యను బట్టి, 40 శాతం విస్తీర్ణాన్ని బట్టి జరుగుతుంది. పనికి నాలుగింట మూడు వంతులు ఈ నిధి ఇస్తే మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. పిల్లచేపల పెంపకం, చెరువుల బాగుచేత, పడవలు దింపే రేవులు ఇందులోంచే నడుస్తాయి. అందుకే గాలగాళ్లు ఈ పన్నును పెద్దగా తిట్టరు.

చిల్లర తయారీదారు గొడవ డబ్బుతో కాదు, కాగితంతో. మూడు నెలల్లో దుకాణాలకు 300 జిగ్గులు రెండేసి డాలర్లకు వేశాడనుకుందాం. పన్ను 60 డాలర్లు. దానికోసం 720 నంబరు ఫారం తెరవాలి. అందులో బొగ్గు, విమాన టిక్కెట్లు, విల్లంబులు అన్నీ ఉంటాయి. వాటి మధ్య 41 అనే అంకె పక్కన తన 60 డాలర్లు రాయాలి. మూడు నెలల బాకీ 2,500 డాలర్లు దాటకపోతే పక్షానికోసారి ముందస్తు జమ చేసే బాధ లేదు. చిన్నవాడికి చట్టం చూపిన దయ ఇదొక్కటి.

ఫలశ్రుతి: ఏప్రిల్ 30, జులై 31, అక్టోబరు 31, జనవరి 31 తేదీల్లోగా ఈ ఫారాన్ని భక్తితో నింపి పంపినవారికి జరిమానా, వడ్డీ అనే రెండు గ్రహాల పీడ తొలగును. చేపలు పడతాయని మాత్రం మూలంలో లేదు.