ఒక పుష్కరం దాచిన పంతులమ్మ

డెన్వర్, కొలరాడో

మహారాజశ్రీ బాబాయి గారికి, లక్ష్మీ సమానురాలైన పిన్నికి మీ అబ్బాయి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మీ కోడలు, పిల్లలు క్షేమం. వంటింటి కొళాయి మాత్రం మొన్నటిదాకా క్షేమంగా లేదు. రాత్రంతా టపటపా కారుతుంటే, బీటెక్ ఫస్టు క్లాసులో ప్యాసైన మీ అబ్బాయి కొళాయిల మీద దొరికిన వీడియోలన్నీ చూసి, సిద్ధాంతమంతా ఆకళింపు చేసుకుని, చివరికి ప్లంబరుకి ఫోను చేశాడు. ఆయన వచ్చి చిన్న రబ్బరు వాషరు మార్చి బిల్లు చేతిలో పెట్టాడు. అది చూసి మీ కోడలు, "బాబాయి గారి మాట విని ఐటీఐలో చేరుంటే ఈ డబ్బులు ఎదురు మనకే వచ్చేవి" అంది. ఉద్యోగమంతా ఫిట్టరు ట్రేడు కుర్రాళ్ల చేత ఇనపముక్క మట్టానికి వచ్చేదాకా ఫైలు పట్టించి, దాని మీద ట్రైస్క్వేర్ ఆనించి, వెలుతురుకి ఎత్తి చూసి, "సందులోంచి సూర్యుడు కనిపిస్తున్నాడు, మళ్లీ కొట్టు" అన్న మీకు ఈ వార్త చేరవేయడం ధర్మమని ఈ ఉత్తరం.

అసలు సంగతి అది కాదు. కాఫీ తాగుతూ ప్లంబరు, వాళ్ల నాయనమ్మ ఎమిలీ గ్రిఫిత్ బడిలో టోపీలు కుట్టడం నేర్చుకుని సంసారం ఈదిందని చెప్పాడు. ఎమిలీ గ్రిఫిత్ ఎవరని మీ అబ్బాయి అడిగాడు. డెన్వర్‌లో ఉంటూ ఆ ప్రశ్న వేయడం, రాజమండ్రిలో కూచుని కాటన్ దొర ఎవరని అడగడంలాంటిదట. ప్లంబరు కప్పు కింద పెట్టి మొదటినుంచీ చెప్పుకొచ్చాడు. ఆయన గంటకింత అని పుచ్చుకునే మనిషి కాబట్టి మీ కోడలు గడియారం వైపు చూస్తూనే ఉంది. మిగతాది మీ అబ్బాయి పుస్తకాల్లో చదివాడు.

ఆవిడ పుట్టింది ఒహాయో రాష్ట్రం సిన్సినాటీలో, 1868లో. ఆవిడ లెక్కలో మాత్రం 1880. మధ్యలో ఒక పుష్కరం ఏమైందో ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పాత రికార్డులు తిరగేసి ఆ పన్నెండేళ్లనీ బయటికి లాగింది తరవాతి తరం పరిశోధకులు. తను పెట్టిన బడిలో చేరడానికి వచ్చినవాళ్లకి వయసు అడ్డంకి కాకుండా చూసుకున్న మనిషి ఆవిడే. ఈ రెండు సంగతులకీ సంబంధం ఉందో లేదో పిన్నిని అడిగి తేల్చండి.

ఎమిలీ కుటుంబం నెబ్రాస్కా మైదానాలకి సేద్యానికి వెళ్లింది. అక్కడ కలప కరువు. గడ్డి వేళ్లతో సహా నేలని పెళ్లలుగా కోసి, పేర్చి గోడలు కట్టేవాళ్లు. అలాంటి మట్టిగోడల బడిలో, చిన్న వయసులోనే ఆవిడ పంతులమ్మ అయింది. అప్పట్లో పల్లెటూరి పంతులమ్మలకి బస, భోజనం పిల్లల ఇళ్లలోనే, వంతులవారీగా. పగలు పిల్లాడికి అక్షరాలు దిద్దించి, రాత్రి వాడి ఇంట్లో భోజనానికి కూచుంటే, వాడి నాన్నకి సంతకం రాదని, వాళ్లమ్మకి కొట్టువాడి లెక్క అర్థం కాదని తెలిసేది. రోగం పిల్లాడికే కాదు, ఇంటిల్లిపాదికీ ఉందని అక్కడే పట్టుకుంది.

1890లలో డెన్వర్ చేరింది. పేదలు, వలస వచ్చినవాళ్లు ఉండే పేటల్లో చదువు చెప్పింది. కొంతకాలం రాష్ట్ర విద్యాశాఖలో డిప్యూటీ సూపరింటెండెంటుగా కూడా చేసి, మళ్లీ తరగతి గదికే వచ్చింది. పిల్లాడు బడి మానేశాడేమని ఇంటికి వెళ్తే, నాన్నకి పని దొరకలేదు కాబట్టి వాడు పనికి పోయాడని చెప్పేవాళ్లు. నాన్నకి పనెందుకు దొరకలేదంటే ఇంగ్లీషు రాదు, లేదంటే చేతిలో పనితనం లేదు. అందుకని పెద్దవాళ్లకే బడి కావాలని పట్టు పట్టింది. డెన్వర్ పోస్టు విలేకరి ఫ్రాన్సిస్ వేన్ ఆ మాట పత్రికకెక్కించింది. చివరికి విద్యాబోర్డు సరేనని, వెల్టన్ వీధిలో పనికిరాదని పక్కన పెట్టేసిన లాంగ్‌ఫెలో స్కూలు భవనం ఇచ్చింది. పనికిరాని భవనాలు వయోజన విద్యకి ఇవ్వడం అన్ని దేశాల సర్కార్లకీ తెలిసిన విద్యే.

1916 సెప్టెంబరులో ఆపర్చునిటీ స్కూలు తలుపులు తెరిచారు. ఒక వారం తిరిగేసరికి 1,400 మంది దాకా చేరారని అక్కడివాళ్లు చెబుతారు. ఫీజు లేదు. ఇంత చదివుండాలన్న నిబంధన లేదు, హాజరు పట్టీ బెదిరింపు లేదు. పొద్దుటినుంచి రాత్రిదాకా తరగతులు. షిఫ్టు దిగినవాడు దిగినప్పుడు వస్తాడు, కావలసినంత నేర్చుకుని పోతాడు. టైపు, టెలిగ్రాఫు, కుట్టుపని, మోటారు మరమ్మతు, వలస వచ్చినవాళ్లకి ఇంగ్లీషు, పౌరసత్వ పరీక్షకి పాఠాలు. చేరడానికి వచ్చినవాళ్లని ఆవిడ ముందుగా అడిగేది, నువ్వేం నేర్చుకోవాలనుకుంటున్నావని. ఈ ప్రశ్న మీ అబ్బాయిని ఎవరైనా అడిగుంటే కథ వేరుగా ఉండేది. మన ఇంట్లో అడిగిందల్లా ఎంసెట్ ర్యాంకెంతని.

బడి మొదలైన కొత్తలోనే ఒక రాత్రి తరగతిలో ఓ కుర్రాడు కళ్లు తిరిగి పడిపోయాడు. పని నుంచి నేరుగా వచ్చాడు, కడుపులో ఏమీ లేదు. అప్పటినుంచి ఎమిలీ తల్లి, చెల్లెలు ఇంట్లో సూప్ కాచేవాళ్లు, ఎమిలీ ఆ గిన్నె మోసుకుని ట్రామెక్కేది. కుదుపుల్లో గిన్నె కాసుకుంటూ, తోటి ప్రయాణికుల చూపులు కాసుకుంటూ బడికి తెచ్చేది. బాబాయ్, ఆవిడ తెలివంతా గోడ మీద పెట్టిన నోటీసులో ఉంది. అయిదున్నర నుంచి ఏడున్నర దాకా కింది గదిలో సూప్ ఉచితం, దీనివల్ల మీకు టైము కలిసొస్తుంది అని దాని సారాంశం. ఆకలి ఊసే లేదు. పేదవాడు తింటున్నది దానం కాదు, ఆదా చేస్తున్నది టైము. మన పెళ్లిళ్లలో బంతికి పిలిచే పెద్దమనుషులకి కూడా ఇంత లౌక్యం ఉండదు.

"మనకీ ఉండేవిరా రాత్రిబళ్లు" అని మీరు అంటారని తెలుసు. ఉండేవి. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. వాచకంలో ఒక తాగుబోతు మొగుడి ఇంటి కథ చదివి, దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా దుకాణం మూయించారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారాని నిషేధించింది. అఆలు దిద్దించిన అధికార్లు ఇది ఊహించి ఉండరు. పెద్దవాళ్లకి చదువు చెప్పడంలో చిక్కు ఇదే. పాఠం మీరు చెబుతారు, పరీక్ష వాళ్లు పెడతారు.

ఎమిలీ 1933లో పదవీ విరమణ చేసింది. ఆ తరవాత బడికి ఆవిడ పేరే పెట్టారు. చెల్లెలు ఫ్లోరెన్స్‌ని తీసుకుని పైన్‌క్లిఫ్ అనే కొండ ఊళ్లో చెక్కింట్లో, వచ్చే కొద్దిపాటి పింఛనుతో గడిపింది. 1947 జూన్‌లో అక్కాచెల్లెళ్లిద్దరినీ ఎవరో కాల్చి చంపారు. అనుమానం ఆవిడ దగ్గరే పనిచేసిన ఒక పాత ఉపాధ్యాయుడి మీదికి పోయింది. అతని శవం వాగులో దొరికింది. కేసు తేలనే లేదు. ఈ ముక్క చదివి మీ కోడలు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

కొలరాడో శాసనసభ భవనంలో రంగు గాజు కిటికీ మీద ఆవిడ బొమ్మ ఉంది. బడి ఎమిలీ గ్రిఫిత్ టెక్నికల్ కాలేజీ పేరుతో లింకన్ వీధికి మారింది. వెల్డింగు, మోటారు మరమ్మతు, నర్సింగు, ఇంగ్లీషు అన్నీ చెబుతున్నారు. వెల్టన్ వీధి ప్రాంగణంలో ఇప్పుడు హోటలు నడుస్తోంది. ఒకప్పుడు సూప్ ఊరికే పోసిన చోట ఇప్పుడు కాఫీకి కూడా కార్డు గీకాలి.

ఇక అసలు మనవి. రిటైరయ్యాక మీకు పొద్దు పోవడంలేదని, పొద్దస్తమానం టీవీలో వార్తలవాళ్లతో పోట్లాడుతున్నారని పిన్ని ఫోనులో చెప్పింది. మీ వసారాలో సాయంత్రం తరగతి ఒకటి పెట్టండి. మొదటి విద్యార్థి అప్పుడే తయారు. బోరు మోటారు మొరాయించినప్పుడల్లా మెకానిక్‌ని బతిమాలలేక, పిన్ని ఫుట్‌వాల్వు విప్పడం, బిగించడం నేర్చుకుంటానంది. పదో తరగతి సర్టిఫికెట్టు అడక్కండి. టైము మాత్రం రాత్రి తొమ్మిదిన్నర తరవాతేనట, సీరియల్ అయ్యాక. స్పానర్లు మాష్టారే తెచ్చుకోవాలట.

ఇట్లు,
మీ అన్నగారి పెద్దబ్బాయి