పీతకు తగలని కత్తి

2002లో బెథెస్డా సంస్థ తెచ్చిన ‘మోరోవిండ్’ ఆటలో మనం ఖైదీగా ఓడ దిగుతాం. సెయ్‌డా నీన్ అనే బురదరేవులో సర్కారు గుమాస్తా మన పేరు, జాతి, జన్మరాశి రాసుకుని వదిలేస్తాడు. మనం అవతారపురుషులమేమోనన్న సంగతి తర్వాతెప్పుడో తెలుస్తుంది. ముందు మాత్రం ఊరి బయట పీత ఎదురవుతుంది. కత్తి ఎత్తి ఒక్కటిస్తాం. కత్తి పీత డిప్పలో ఈ పక్క దూరి ఆ పక్క తేలినట్టు కళ్లారా కనిపిస్తుంది, పీతకు మాత్రం చీమ కుట్టినట్టయినా ఉండదు. మళ్లీ కొడతాం, మళ్లీ అంతే. దెబ్బ తగిలిందో లేదో తేల్చేది ఆట లోపల దొర్లే పాచికలు: కత్తిసాములో నేర్పెంత, చురుకెంత, అదృష్టమెంత, ఒంట్లో ఓపికెంత? పరుగెత్తుకొచ్చాం కాబట్టి ఓపిక అప్పటికే ఆవిరి. విఠలాచార్య సినిమాలో ఏ రాక్షసుడూ కథానాయకుడి పరువు ఇంతగా తీసి ఉండడు. చాలామందికి ఆట మీద విరక్తి పుట్టేది ఇక్కడే, తప్పుపట్టలేం. కానీ ఈ ఆట లోపాలూ అందాలూ ఒకే చెట్టు కాయలని నా వాదన. మనల్ని కాపాడాలన్న ఆత్రం దానికి లేదు. ఆపాలన్న ఆత్రమూ లేదు.

అదే ఊరు దాటి కాస్త నడిస్తే పైనుంచి ఒక కేక. తలెత్తేలోగా టార్హియెల్ అనే మాంత్రికుడు దభీమని నేల మీద పడి చస్తాడు. అతని దగ్గర మూడు మంత్రపత్రాలుంటాయి. ఒకటి చదివితే గెంతే శక్తి కొన్ని సెకన్ల పాటు ఏకంగా 1,000 పెరుగుతుంది. మామూలుగా 100 సాధించడానికే ఆటంతా కప్పలా గెంతుతూ తిరగాలి. ఇక ఎగిరామంటే కొండలు, ఊళ్లు కాళ్ల కింద పరుగెడతాయి. గాల్లో ఉండగానే మంత్రం అయిపోతుంది కాబట్టి దిగడం మాత్రం టార్హియెల్ దిగిన పద్ధతే. నేల దగ్గరపడుతుండగా రెండో పత్రం చదవాలని తట్టినవాడే బతుకుతాడు. రసవాదం ఇంకా విచిత్రం. తెలివి పెంచే మందు కాచి తాగితే, పెరిగిన తెలివితో ఇంకా ఘాటైన మందు కాయొచ్చు. అది తాగి ఇంకా ఘాటైనది. దీనికి అంతు లేదు. ఇది తయారీలో పొరపాటా అంటే పొరపాటే. అయితే పీత దగ్గర కనికరించని లెక్కే ఇక్కడా మొహమాటం లేకుండా నడిచింది, ఈసారి మనవైపు.

దారి చూపే బాణాలూ ఉండవు. పల్లెలో బస్సు దిగి అడిగితే చెప్పినట్టు, వంతెన దాటి ఎడంచేతికి తిరగమని నోటిమాటగా చెబుతారు. కొన్నిచోట్ల అదీ తప్పే. తొలి పనుల్లోనే ఆర్క్‌న్‌థాండ్ శిథిలాల్లో ఒక చిన్న పెట్టె తెమ్మంటారు. అది ఓ అరలో అణిగి కూర్చుని గంటలు తినేస్తుంది. 2006లో వచ్చిన ‘ఒబ్లివియన్’ ఈ కష్టాలు తీర్చింది. దిక్సూచి మీద గుర్తు పెట్టింది, కథకు ముఖ్యమైనవాళ్లు కత్తిపోటు తిన్నా సొమ్మసిల్లి, దుమ్ము దులుపుకుని లేచేలా చేసింది. మోరోవిండ్‌లో ఎవరినైనా చంపొచ్చు. కథకు ముఖ్యమైనవాళ్లు చస్తే, విధి తెగిపోయిందని, దాచుకున్న పాత ఆటకు వెళ్తావో చెడిన లోకంలో ఉంటావో నీ ఇష్టమని చెప్పి ఊరుకుంటుంది. ఆ తర్వాత కూడా గమ్యానికో దొడ్డిదారి ఉంచింది. ఒబ్లివియన్‌లోనైతే మనతోపాటు లోకమూ ఎదుగుతుంది: చివరికి దారిదోపిడీగాళ్లు వేలు పలికే గాజు కవచాలు తొడుక్కుని మనల్ని వంద నాణేలు అడుక్కుంటారు.

ఇదంతా పాత మమకారం, బద్ధకపు పనికి తత్త్వం పూత అంటారు. కొంత నిజమే. పీత పక్కకు తప్పుకున్నట్టు ఒక్క కదలిక గీసి ఉంటే సగం తిట్లు తప్పేవి. పాచికలు ఉండటం తప్పు కాదు, దాచడం తప్పు. ఊరందరూ ఒకే పాఠం అప్పజెప్పడానికీ ఏ సమర్థనా లేదు. ఇక క్లిఫ్ రేసర్లనే ఎగిరే పీడ గురించి వాదించేవాడు లోకంలో ఉండడు. తర్వాతి ఆటలో జియూబ్ అనే మహనీయుడు వాటిని మోరోవిండ్ ఆట జరిగే దీవి నుంచి తరిమేసి పుణ్యపురుషుడయ్యాడని చెప్పించారంటే, తయారీదారులే చెంపలేసుకున్నట్టు. కానీ దారి గుర్తులు పెట్టి, చావులు ఆపి, మందులకు హద్దు గీస్తే మిగిలేది మంచి మోరోవిండ్ కాదు, ఒబ్లివియన్. అదీ మంచి ఆటే, వేరే ఆట.

అన్నట్టు, ఆ దీవిలో అందరికన్నా ధనవంతుడైన వ్యాపారి మాట్లాడే పీత. దాని దగ్గర 10,000 నాణేలుంటాయి. ఎక్కడుందో పటం చెప్పదు. కనిపిస్తే దయచేసి కత్తి దూయకండి, ఒక్కోసారి తగులుతుంది.