అరమార్కు పంతులు

బతకలేక బడిపంతులు అనే సామెతకు కాలం చెల్లింది. ఇప్పుడు బతకలేనివాడు బడిపంతులు కాలేడు. ఉద్యోగం వచ్చేదాకా ప్రాణాలు నిలుపుకోవడమే ఆ పోస్టుకు మొదటి అర్హత. ఇది ఎకసెక్కం అనుకుంటే 1998 డీఎస్సీ వాళ్లను అడగండి. ఆ టీచర్ల ఎంపిక పరీక్షలో అర్హత సాధించి, కోర్టుల చుట్టూ సచివాలయం చుట్టూ తిరిగినవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో 2023లో పోస్టింగులు దొరికాయి. అవీ కాంట్రాక్టు మీద, మినిమం టైమ్ స్కేలుతో. ఓర్పు నేర్పడంలో ఇంతకు మించిన శిక్షణ ఏ దేశంలో ఉంది చెప్పండి!

శిక్షణ అంటే అధికారికంగా బీఈడీ. అందులో ‘నాన్ అటెండింగ్’ అని ఒక రకం ఉంది. కొన్ని కాలేజీల్లో ఫీజు కడితే చాలు, మనిషి కనపడనక్కర్లేదు. రేపు పిల్లల హాజరు పిలవబోయే పెద్దమనిషి తన హాజరు కొనుక్కుని బయటికొస్తాడన్నమాట. టీచర్ల నాణ్యత పెరగాలని 2015లో ఏడాది బీఈడీని రెండేళ్లు చేశారు. నాణ్యత సరిగ్గా రెట్టింపయింది: అంతకుముందు ఏడాది పాటు కాలేజీకి వెళ్లనివాళ్లు ఇప్పుడు రెండేళ్ల పాటు వెళ్లడం లేదు. జాతీయ విద్యా విధానం వారు 2030 నాటికి నాలుగేళ్ల కోర్సే కనీస అర్హత కావాలంటున్నారు. వెళ్లకుండా ఉండటానికి ఇక తీరికే తీరిక.

అసలు చదువు డిగ్రీ చేతికొచ్చాక, కోచింగు సెంటర్లో మొదలవుతుంది. అవనిగడ్డలో గది, మెస్సు కార్డు, ఇంట్లోవాళ్లు అప్పు చేసి పంపే డబ్బు. అక్కడ పెడగాజీ, సైకాలజీ బిట్లుబిట్లుగా కంఠస్థం చేయిస్తారు. పావ్లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కర్రలు ఒకదానికొకటి తగిలించి అరటిపండు అందుకున్న కోహ్లర్ చింపాంజీ. పాపం, వాటి ఇంటిపేర్లు తప్ప అన్నీ మనవాళ్లకు నోటికొచ్చు. పసివాడు అ రాయడానికి పలక పట్టుకుని ఎందుకు ఏడుస్తాడో మాత్రం సిలబస్‌లో లేదు. గంట వినపడితే పావ్లోవ్ కుక్కకు నోరూరేది. ‘నోటిఫికేషన్’ అనే మాట వినపడితే మన నిరుద్యోగికి ఊరుతుంది. తేడా ఏమిటంటే కుక్కకు మధ్యమధ్యలో తిండి నిజంగానే పెట్టేవారు.

2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి తొలి సంతకం మెగా డీఎస్సీ మీదే చేశారు. 16,347 పోస్టులు. నియామక పత్రాలు 2025 సెప్టెంబరులో ఇచ్చారు. పదిహేను నెలలు! 1998 వాళ్లు వింటే కుళ్లిపోతారు.

పరీక్ష సంగతి కూడా చూడండి. సెకండరీ గ్రేడ్ టీచరు (ఎస్జీటీ) పోస్టుకు 160 ప్రశ్నలు, 80 మార్కులు, ఒక్కో ప్రశ్నకు అరమార్కు. టీచర్ల అర్హత పరీక్ష టెట్‌కు వెయిటేజీ 20. అరమార్కు తేడాలో ఒకడు గురువు, పక్కవాడు మళ్లీ నిరుద్యోగి. ఇంటికి వంటమనిషిని పెట్టుకునేటప్పుడు కూడా ఒక పూట వండించి రుచి చూస్తాం. ముప్పై ఏళ్లు పాఠం చెప్పాల్సిన మనిషిని మాత్రం ఒక్క పాఠమైనా చెప్పించకుండానే పెట్టుకుంటాం. కంప్యూటరు ముందు కూర్చుని నాలుగింటిలో ఒకటి నొక్కడం వస్తే చాలు. టెట్ లేని రోజుల్లోనే డీఎస్సీ దాటి బడికెళ్లి ఇరవయ్యేళ్లు పనిచేసినవాళ్లకు 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇంకో కబురు పంపింది: రిటైర్మెంటుకు ఐదేళ్లకు పైగా ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవాలి. తాను పదో తరగతి గట్టెక్కించిన కుర్రాడి పక్క సీట్లో కూర్చుని మేష్టారు అదే పిల్లిని, అదే ఎలుకను మళ్లీ నెమరేసుకోవాలి.

సరే, ఉద్యోగం వచ్చింది. ఇక పాఠం చెబుతాడనుకుంటున్నారా? విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు వేరే పని అప్పగించకూడదు. మనవాళ్లు చట్టాన్ని గౌరవించే తీరు వేరు. 2020 మేలో లాక్‌డౌన్ మధ్య మద్యం దుకాణాలు తెరిస్తే, విశాఖ జిల్లాలో కొందరు టీచర్లను అక్కడ క్యూలు చూసుకోమన్నారు. ఆలోచిస్తే తప్పు లేదు, అదీ విపత్తే. పైగా పిల్లల తండ్రులందరినీ ఒకేచోట కలిసే అవకాశం. పేరెంట్స్ మీటింగుకు పిలిస్తే ఎంతమంది వస్తారు గనక! ఆ తర్వాత కొన్నేళ్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టమన్నారు. తెలంగాణలో 2024 నవంబరులో కులగణనకు ఎస్జీటీలను ఇంటింటికీ పంపి, ప్రాథమిక బడులను ఒంటిపూట చేశారు. ఇంటిల్లిపాది వివరాలు రాసుకున్న మేష్టారికి ఆ ఇంటి పిల్లాడికి చదవడం నేర్పే తీరిక మాత్రం మిగల్లేదు.

సంస్కరణలకు మాత్రం కొదవ లేదు. మూడు నుంచి ఐదో తరగతి దాకా హైస్కూలుకు తరలించాలని ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఒక జీవో వచ్చింది, 2025లో పోయింది. పిల్లాడు కదిలినా కదలకపోయినా తరగతి తిరుగుతూనే ఉంది.

మేష్టార్లు మాత్రం ఏం తక్కువ తిన్నారు? బదిలీల సీజనులో పట్టణం దగ్గరి బడి కోసం పడే పాట్లలో పదో వంతు బోర్డు మీద పడితే ఈ వ్యాసం రాసే అవసరమే వచ్చేది కాదు. తన బడిలో చేర్పించండని ఇల్లిల్లూ తిరిగే సారు తన పిల్లల్ని తెల్లవారుజామునే కార్పొరేట్ స్కూలు బస్సెక్కించి మరీ బయల్దేరతాడు. ఆ స్కూల్లో పాఠం చెప్పేవాళ్ల బతుకు ఇంకో కథ. కరోనా వచ్చి జీతాలు ఆగిపోతే 2021లో తెలంగాణ ప్రభుత్వం వాళ్లకు నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చింది. వేసవి సెలవుల్లో వాళ్ల పని పాఠం కాదు, అడ్మిషన్ల టార్గెట్.

కాబట్టి విద్యాశాఖ వారికి ఒక మనవి. వచ్చే డీఎస్సీ సిలబస్ మార్చండి. మరుగుదొడ్డి ఫొటో ఏ కోణంలో తీస్తే యాప్ ఒప్పుకుంటుంది, సిగ్నల్ లేని ఊళ్లో ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేసుకోవడానికి ఏ చెట్టెక్కాలి, మధ్యాహ్న భోజనానికి వచ్చిన కోడిగుడ్లలో పగిలినవి ఏ కాలమ్‌లో రాయాలి, తాగినవాడి చేత వరస ఎలా పాటింపజేయాలి, ఎన్నికల పెట్టె సర్దుకుని అర్ధరాత్రి ఇంటికెలా చేరాలి, ఇవే అడగండి. ఎంపికైనవాడు మొదటిరోజు నుంచే పనికొస్తాడు. పిల్లల గురించి కూడా ఒక ప్రశ్న ఉంటే ఉండనివ్వండి. పోతే అరమార్కే కదా.