ఫిర్యాదులు: సున్నా

"ఛఛ, మా ఆఫీసులో వేధింపులేమిటండీ, మాదంతా ఒకే కుటుంబం!" అంటారు ఎండీ గారు. లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినాల్సిన అంతర్గత కమిటీని చూస్తే నిజమేననిపిస్తుంది. అధ్యక్షురాలు వారి శ్రీమతి. ఆవిడ జీతాల పట్టీలో సీనియర్ ఉద్యోగిని, ఆఫీసులో మాత్రం ఎవరూ చూడలేదు. మహిళల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ నుంచి రావలసిన బయటి సభ్యురాలేమో ఆడిటర్ గారి మరదలు.

పదిమంది పనిచేసే చోటల్లా ఇలాంటి కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం. సభ్యుల పేర్లు అందరికీ కనబడేలా అంటించమంది కూడా. అంటించారు, ఫ్రిజ్ వెనకాల! ఫిర్యాదుకు గడువు 3 నెలలు, సరైన కారణం చూపితే ఇంకో 3. ఆ కాగితం వెతకడానికే అది సరిపోతుంది.

అవగాహన సదస్సులంటారా? మార్చి 8న జరిపారుగా! ముగ్గుల పోటీ, తలా ఒక గులాబీ, "మేడమ్స్, కాస్త నవ్వాలి" అంటూ గ్రూప్ ఫొటో. ఆ మాటన్న మేనేజర్ మీదే ఫిర్యాదులుండాలి, పోనీలెండి.

కమిటీ వేయకపోతే జరిమానా 50,000 రూపాయల దాకా. దసరా స్వీట్ల బిల్లే అంతకు రెండింతలైంది వారికి. మళ్లీ తప్పితే జరిమానా రెట్టింపు, లైసెన్సుకూ ఎసరు రావచ్చు. అయితే ముందు దొరకాలిగా!

ఇక వార్షిక నివేదికలో ఫిర్యాదుల గడి: సున్నా. నిరుడు ఒకమ్మాయి ఏదో చెప్పబోతే మర్నాడే వరంగల్ బ్రాంచికి పంపారు. అది ఫిర్యాదుల గడిలోకి రాదట, బదిలీల గడిలోకి వస్తుందట.